గైడులో లేని ఆవిడ

మా ఊరి ప్రాచీన శిల్ప ప్రదర్శనశాలలో శిల్పాలను ఊరికే చూడటం మొన్న ఉగాది నుంచి మాన్పించారు. నిషేధించారంటే ప్రభుత్వం మీద అపవాదు వేసినట్టవుతుంది. వింటూ చూడవచ్చు. చూడకుండా వినవచ్చు. వినకుండా చూడటం ఒక్కటే కుదరదు.

నీటిపారుదల శాఖలో డ్రాఫ్ట్స్‌మన్‌గా పనిచేసి రిటైరయినవాణ్ణి కనుక నాకు ప్రభుత్వ ఉత్తర్వులంటే గౌరవం ఉంది. ఎన్నో ఉత్తర్వుల ప్రకారం ఎన్నో కాలవలు గీశాను. వాటిలో కొన్నింట్లోకి నీళ్ళు కూడా వచ్చాయి. అందుచేత ఈ కొత్త ఏర్పాటును నేను తప్పుపట్టలేదు. నాకు కావలసింది లోపల ఒక రాతిపలక మీద, ఒక మూల, నా అరచెయ్యంత ఉన్న ఒక ఆడమనిషి. ఆమెను చూడనిస్తే చాలు, చెవుల్లో ఏం పోసినా అభ్యంతరం లేదు.

ఆ పలక ఉత్తరపు హాల్లో ఉంటుంది. తెల్లటి సున్నపురాయి. మధ్యలో ఏనుగు మీద రాజూ రాణీ ఊరేగుతుంటారు. మావటి ముందుకు వంగి ఉంటాడు. ఇద్దరు వింజామరలు వీస్తుంటారు. ఇద్దరు వాయిద్యాలు వాయిస్తుంటారు. పైన కుడిచేతి మూల ఒక చిన్న కిటికీ, అందులో చెంపకు చెయ్యి ఆనించుకుని ఒకావిడ. వీధిలో అంత వైభవం నడుస్తుంటే ఆవిడ మాత్రం అటు చూడదు. మెడ లోపలికి తిరిగి ఉంటుంది.

మా ఆవిడ మాణిక్యాంబ ఆమెను మొదటిసారి చూసి, "పొయ్యి మీద పాలు పెట్టి వచ్చిందండీ పాపం. ఆ చెవి చూడండి, ఇంట్లోకే ఉంది" అంది. ఆ తర్వాత ఎప్పుడు వెళ్ళినా రాజుగారిని వదిలేసి ముందు ఆ మూలకే చూసేది. "ఇంకా పొంగలేదు" అనేది. మాణిక్యం పోయాక ఆ బాధ్యత నా మీద పడింది. ప్రతి బుధవారం వెళ్ళి పాలు పొంగాయేమో చూసి వస్తుంటాను. ఇంత చిన్న పనికి ఒక ప్రభుత్వ ప్రదర్శనశాల తలుపులు తెరిచి పెట్టుకుని ఉండటం నాకెప్పుడూ గొప్ప ఉపకారంగానే అనిపించేది.

యంత్రం పేరు శ్రవణ మార్గదర్శి. మెడలో వేసుకుని చెవులకు తగిలించుకోవాలి. శిల్పం కింద ఉన్న నంబరు నొక్కితే గంభీరమైన గొంతు ఒకటి దాని చరిత్ర చెబుతుంది. వింటున్నంతసేపూ యంత్రం మీద పచ్చ దీపం వెలుగుతుంది. చెవి నుంచి తీస్తే ఎర్ర దీపం. వ్యాఖ్యానం పూర్తయ్యేవరకు సందర్శకుణ్ణి అక్కడి నుంచి కదిలించకూడదు, అతను కదలకూడదు. బయటికి వచ్చేటప్పుడు ఎవరు ఎంత శాతం విన్నారో చూస్తారు. తక్కువ విన్నవాళ్ళు మళ్ళీ లోపలికి వెళ్ళి విని రావాలి.

ప్రారంభోత్సవం నాడు క్యూరేటర్ త్రివిక్రమరావు గారు ఉపన్యసించారు. "దృష్టి చంచలం. శ్రవణం నిశ్చలం. ఇన్నాళ్ళూ మన సందర్శకులు ఇచ్చవచ్చినట్లు చూశారు. ఎవరికి తోచినది వారు గ్రహించారు. ఇకపై అందరూ ఒకే విషయమును, ఒకే క్రమములో, ఒకే స్వరములో గ్రహించెదరు." అందరం చప్పట్లు కొట్టాం. ఆయన మంచివారు. వేసవిలో సందర్శకుల కోసం కూజా నీళ్ళు పెట్టించింది ఆయనే. ఆ కూజాకు మాత్రం ఇంకా నంబరు వెయ్యలేదు.

మొదటి నెలలోనే ఒక చిన్న ఇబ్బంది బయటపడింది. నేను వెళ్ళేసరికి నాలుగో నంబరు దగ్గర పొలాల వైపు నుంచి వచ్చిన ఒక కుటుంబం నిలబడి ఉంది. అందులో పెద్దావిడ చెవికి యంత్రం తగిలించుకుని, ఎదురుగా ఉన్న వినాయకుడికి దణ్ణం పెట్టి, చేతులు అలాగే ఉంచి ముఖం చిట్లించింది.

"ఏందమ్మే ఇదీ? వినాయకుణ్ణి ముందర పెట్టుకుని మహిషాసుర మర్దిని అంటాడేందీ?"

"గమ్మున వినండి పెద్దమ్మా, ఎర్ర లైటు వచ్చిద్ది," అంది కోటేశ్వరమ్మ. ఆమె ఆ హాలుకూ ఉత్తరపు హాలుకూ కాపలా మనిషి. ఎప్పుడూ ఒక స్టూలు మీద కూర్చుని తమలపాకులు తుడుచుకుంటూ ఉండేది. యంత్రాలు వచ్చాక ఆమెకు స్టూలు తీసేసి ఈల ఇచ్చారు.

"వస్తే వచ్చింది. లైటుకి కోపమొస్తే ఫరవాలేదు, ఈయనకొస్తేనో?"

"అత్తయ్యా, లోపల చెప్పేవాళ్ళు చదువుకున్నోళ్ళంట," అంది కోడలు నెమ్మదిగా.

"చదువుకున్నోళ్ళకి తొండం కనపడలా?"

జరిగింది ఏమిటంటే, గొంతు వారు పాత వరస ప్రకారం చెప్పి వెళ్ళారు. ఆ తర్వాత, ప్రారంభోత్సవానికి ముచ్చటగా ఉంటుందని హాళ్ళకు వెల్ల వేయించారు. వెల్ల కోసం బయటపెట్టిన శిల్పాలను కూలీలు మళ్ళీ లోపలికి తెచ్చి, ఏది ఎక్కడ పడితే అక్కడ, ఎవరికీ అడ్డం లేకుండా సర్దారు. ఇది అందరికీ జరిగేదే. మా ఇంట్లో వెల్ల వేసినప్పుడు ఉప్పు డబ్బా దొరకడానికి నెల పట్టింది.

నేను త్రివిక్రమరావు గారి గదికి వెళ్ళి సంగతి మనవి చేసుకున్నాను.

"మా దృష్టికి వచ్చినది భుజంగరావు గారూ. పరిశీలనలో ఉన్నది."

"వ్యాఖ్యానం మళ్ళీ చెప్పిస్తే సరిపోతుందేమోనండీ."

"అసాధ్యం. ఆ గళం గలవారు మొన్న కార్తికంలో సన్న్యాసం స్వీకరించి మౌనవ్రతంలో ఉన్నారు. గళం మార్చినచో ఒకే స్వరం అను మూలసూత్రమే భంగపడుతుంది."

"పోనీ, నంబరు పలకలు అటూ ఇటూ మారిస్తే?"

ఆయన కళ్ళజోడు తీసి నా వైపు జాలిగా చూశారు. "ఆ పలకలను మంత్రివర్యులు స్వహస్తాలతో ఆవిష్కరించారు. ఆవిష్కృతమైన దానిని కదల్చుట మర్యాదోల్లంఘనం. శిల్పాలను ఎవరూ ఆవిష్కరించలేదు. వాటిని కదల్చవచ్చును."

అప్పుడు నాకు విషయం పూర్తిగా అర్థమయింది. మర్నాటి నుంచి మోకులు, దుంగలు, కూలీలు దిగారు. గొంతు ఏది ఎక్కడుందంటే దాన్ని అక్కడికి చేర్చారు. నెల తిరిగేసరికి వినాయకుడు వినాయకుడయ్యాడు, అమ్మవారు అమ్మవారయ్యింది. ఊళ్ళో అందరూ సంతోషించారు. ఒక్క నందీశ్వరుడు మాత్రం ఇరుకు గుమ్మంలో ఇరుక్కుని కొన్నాళ్ళు సగం అటు, సగం ఇటు ఉండిపోయాడు. ఆ కొన్నాళ్ళూ యంత్రంలో ఆయన గురించి సగం దాకా విని, పక్క గదిలోకి వెళ్ళి మిగతా సగం వినేవాళ్ళం.

ఇంతటితో ఆగితే ఇది కథ అయ్యేది కాదు. ఒకసారి శిల్పాలను గొంతుకు అనుగుణంగా దిద్దడం మొదలుపెట్టాక, ఎక్కడెక్కడ దిద్దాలో వెతకడానికి ఒక సంఘం అవసరమయింది. దాని పేరు ధ్వని వస్తు సమన్వయ సంఘం. త్రివిక్రమరావు గారు అధ్యక్షులు. సభ్యులుగా ఒక భాషా నిపుణులు, ఒక తనిఖీ అధికారి. వీరు యంత్రాలు తగిలించుకుని హాళ్ళు ఒక్కొక్కటే తిరగడం మొదలుపెట్టారు.

దక్షిణపు హాల్లో ఒక దేవత ఉంది. ఆమె ఎడమ చెయ్యి ఎప్పుడో విరిగిపోయింది, కుడిచేతిలో తామరపువ్వు ఉంటుంది. గొంతు మాత్రం, విరిగినది కుడి చెయ్యి అనీ, తామరపువ్వు ఎడమచేతిలో అనీ చెబుతోంది. వ్యాఖ్యానం రాసిన పండితుడికి ఎవరో ఫోటో తిరగేసి అచ్చువేసి పంపారట. చెయ్యి అతికించి రెండోది విరగ్గొట్టే ప్రతిపాదన వచ్చింది గానీ, ఖర్చు అవుతుందని తనిఖీ అధికారి ఒప్పుకోలేదు. ప్రభుత్వంలో పిసినారితనం వల్ల ఎన్ని ప్రాణాలు నిలుస్తున్నాయో ఎవరూ లెక్క తియ్యలేదు. చివరికి విగ్రహాన్ని గోడ వైపు తిప్పి, గోడకు నిలువుటద్దం బిగించారు. సందర్శకులు అమ్మవారి వీపు వెనక నిలబడి, అద్దంలో ఆమె ముఖం చూడాలి. అద్దంలో అంతా గొంతు చెప్పినట్టే ఉంటుంది. అప్పటి నుంచి ఆ గదికి ఆడవాళ్ళ రద్దీ పెరిగింది. వింటూ జడ సవరించుకోవడానికి వీలుగా ఉందన్నారు.

ఆ తర్వాత అదే హాలు గుమ్మం పక్కన, గద పట్టుకున్న ద్వారపాలకుడు ఉన్నాడని గొంతు చెప్పింది. అక్కడ ఎవరూ లేరు. ఆ ద్వారపాలకుడు ఎన్నో యేళ్ళ కిందటే ఇంకో ఊరికి అరువు వెళ్ళి తిరిగి రాలేదు. చెప్పినది ఉండి తీరాలి కనుక, వాచ్‌మన్ నాగూరును అక్కడ నిలబెట్టారు. గద లేదు గనుక బూజు కర్ర ఇచ్చారు.

"ఎట్టా ఉంది నాగూరూ పని?" అని అడిగాను ఒకసారి.

పెదవి కదపకుండా చెప్పాడు. "ముందర గేటు దగ్గర నిలబడేవాణ్ణి సార్, ఎండలో. ఇక్కడ ఫ్యానుంది. ఒకటే బాధ. నా గురించి చెప్పేటప్పుడు ముక్కు విరిగిందంటన్నాడంట. అందరూ దగ్గరికొచ్చి చూస్తన్నారు."

ఈ తిరుగుళ్ళు ఉత్తరపు హాలుకు ఇంకా రాలేదు కనుక నేను నిశ్చింతగా ఉన్నాను. రాజూ రాణీ ఊరేగింపు వ్యాఖ్యానం చాలా దీర్ఘం. రాతి గుణం, ఏనుగు జాతి, వాయిద్యాల పేర్లు అన్నీ వస్తాయి. అంతసేపూ నన్ను ఎవరూ కదపకూడదు. కళ్ళు ఎటు ఉండాలో నిబంధనల్లో లేదు. నేను పచ్చ దీపం వెలిగించుకుని హాయిగా కిటికీ వైపు చూసేవాణ్ణి. నిజం చెప్పాలంటే మునుపటి కంటే ఎక్కువసేపు చూడటానికి వీలయింది.

శ్రావణంలో ఒక బుధవారం వెళ్ళేసరికి కోటేశ్వరమ్మ గుమ్మంలోనే ఎదురొచ్చింది.

"బాబాయి గారూ, మీ ఆవిణ్ణి మూసేస్తారంట."

ఆమెకు నా సంగతి తెలుసు. నేను ఎప్పుడూ చెప్పలేదు. ఒకే మూలకు చూసేవాళ్ళను కాపలా వాళ్ళు కనిపెడతారు.

"మూసెయ్యడమేమిటి?"

"అయ్యగార్లు పొద్దున్న లెక్కపెట్టారు. యంత్రంలో ఏడుగురు అన్నాడంట. రాయి మీద ఎనిమిది మంది ఉన్నారంట. ఈవిడ ఎక్కువైందంట. మేస్త్రీని పిలిపించారు."

లోపలికి వెళ్ళాను. పలక ముందు నేల మీద గోనెపట్టా పరిచి ఉంది. దాని మీద మేస్త్రీ ఒక బకెట్లో తెల్లటి ప్లాస్టర్ కలుపుతున్నాడు. కిటికీ మీద ఒక చీటీ అంటించి ఉంది. దాని మీద 'అదనం' అని రాసి ఉంది. చీటీ కింద నుంచి ఆవిడ మోచెయ్యి ఒక్కటే కనిపిస్తోంది.

"ఎంతసేపు ఆగగలవు నాయనా?" అన్నాను.

"కలిపేశాను సార్. ఇది ఎక్కువసేపు ఆగదు, గట్టిపడిపోద్ది."

"కాస్త నీళ్ళు ఎక్కువ పొయ్యి."

అతను నా ముఖం చూసి, చెంబెడు నీళ్ళు పోశాడు.

సంఘం ఆ సమయానికి త్రివిక్రమరావు గారి గదిలో సమావేశమై ఉంది. నేను తలుపు దగ్గర నిలబడగానే ఆయన లోపలికి రమ్మని, కూర్చోమని, టీ చెప్పారు. నిర్ణయాలు ఎలా ఉన్నా ఆ గదిలో టీ ఎప్పుడూ బాగుంటుంది.

"అయ్యా, ఉత్తరపు హాల్లో కిటికీలో ఉన్నావిడ గురించి వచ్చాను," అన్నాను.

"అక్కడ ఎవరూ లేరు," అన్నారు తనిఖీ అధికారి కాగితాల నుంచి తల ఎత్తకుండా. "వ్యాఖ్యానం ప్రకారం ఏడుగురే."

"కనిపిస్తోంది కదండీ."

"కనిపించుట ఆధారం కాదు. అది కేవలం దృష్టి."

భాషా నిపుణులు నాకు సర్దిచెప్పబోయారు. "ఆమెకు హాని ఏమీ జరుగదు. తాత్కాలిక ఆచ్ఛాదనం మాత్రమే. గళం వారు మౌనం వీడిన తదుపరి వాక్యము చేర్చి, ఆచ్ఛాదన తొలగింపవచ్చును."

"వారు మౌనం ఎప్పుడు వీడతారో?"

"అది వారు చెప్పవలెను," అన్నారు ఆయన. "వారు మౌనంలో ఉన్నారు."

త్రివిక్రమరావు గారు గొంతు సవరించుకున్నారు. "భుజంగరావు గారూ, మీరు ప్రభుత్వ సేవలో పనిచేసినవారు. మీకు తెలియనిది కాదు. నిబంధనావళి ప్రకారం హాలునందు ఉండదగినవి మూడే. ఒకటి ప్రదర్శిత వస్తువు. రెండు సిబ్బంది. మూడు సందర్శకులు. వ్యాఖ్యానంలో లేదు కనుక ఆమె వస్తువు కాదు."

"సిబ్బందిగా తీసుకోవచ్చు కదండీ. చెంపకు చెయ్యి పెట్టుకుని కూర్చునే ఉంది."

ఇది ఎగతాళి అని వారెవరూ అనుకోలేదు. తనిఖీ అధికారి కాసేపు ఆలోచించారు. "అర్హత ఉన్నది. కానీ పోస్టు మంజూరు లేదు."

నా టీ చల్లారిపోతోంది. అవతల హాల్లో బకెట్లో ప్లాస్టర్ కూడా అదే పనిలో ఉండి ఉంటుంది. నాకు ఒకటే ఆలోచన. వచ్చే బుధవారం నేను ఆ గదిలో ఏ వైపు చూడాలి? రాజుగారి వైపు చూడటం నాకు అలవాటు లేదు. మాణిక్యానికి అంతకన్నా లేదు. ముప్ఫై యేళ్ళు కొలబద్దతో బతికినవాణ్ణి. ఎదురుగా గోడ అడ్డం వస్తే కాలవను ఎటు తిప్పాలా అని చూడటమే నాకు వచ్చిన విద్య.

"అయితే అయ్యా, మిగిలింది సందర్శకులే," అన్నాను. "ఆమెను సందర్శకురాలిగా పరిగణించండి."

ముగ్గురూ నన్ను చూశారు.

"రాతి మనిషిని సందర్శకురాలనుట..." అని నసిగారు భాషా నిపుణులు.

"దక్షిణపు గుమ్మంలో నాగూరు వస్తువు స్థానంలో ఉన్నాడు కదండీ. మనిషి వస్తువు స్థానంలో ఉండగా లేని అభ్యంతరం, వస్తువు మనిషి స్థానంలో ఉంటే ఎందుకుండాలి? పూర్వోదాహరణ ఉంది."

పూర్వోదాహరణ అన్న మాట వినగానే గదిలో గాలి మారిపోయింది. తనిఖీ అధికారి మొదటిసారి కలం కింద పెట్టారు. త్రివిక్రమరావు గారి ముఖం విప్పారింది. చెయ్యకూడనిదీ, ఇదివరకు చేసినదీ ఒకటే అయినప్పుడు పెద్దలకు కలిగే ఆనందం అది.

"కానీ సందర్శకులు సాయంకాలం ఐదింటికి హాలు విడిచి వెళ్ళవలెను," అన్నారు తనిఖీ అధికారి. పట్టు వదిలే మనిషి కాదు.

"వ్యాఖ్యానం పూర్తయ్యేవరకు సందర్శకుణ్ణి కదిలించకూడదని మీ నిబంధనే ఉంది. ఆమె చెవికి ఒక యంత్రం తగిలించి, అయిపోగానే మళ్ళీ మొదటికి వచ్చేటట్టు పెడితే, వ్యాఖ్యానం ఎప్పటికీ పూర్తి కాదు. పూర్తి కానంతవరకూ ఆమెను కదల్చటం నిబంధనలకు విరుద్ధం."

"శ్రవణ శాతం?" అని అడిగారు త్రివిక్రమరావు గారు, గొంతు తగ్గించి.

"మధ్యలో తీసేసే మనిషి కాదండీ. ఇంతమంది సందర్శకుల్లో నూటికి నూరు శాతం వినేది ఆమె ఒక్కతే అవుతుంది."

ఆయన కళ్ళు మూసుకున్నారు. పై కార్యాలయానికి పంపవలసిన నివేదిక ఆయనకు కనిపించినట్టుంది. కళ్ళు తెరిచి తీర్మానం చెప్పడం మొదలుపెట్టారు. భాషా నిపుణులు రాసుకున్నారు. "ఉత్తర మందిరమునందలి శిలాఫలకముపై, గవాక్షమునందు ఆసీనయై, చిరకాలముగా అనుమతి లేకయే దర్శించుచున్న స్త్రీని, ఇందుమూలముగా సందర్శకురాలిగా క్రమబద్ధీకరించడమైనది. ఆమె తక్షణమే ప్రవేశపత్రము పొంది, శ్రవణ మార్గదర్శిని ధరింపవలెను. ధరింపని పక్షమున ఆచ్ఛాదన అమలుపరచబడును."

"ఆమె తరఫున టికెట్టు ఎవరు తీసుకుంటారు?" అన్నారు తనిఖీ అధికారి. "లోపలికి వచ్చినవారు బయటికి వెళ్ళేవరకు ఒక్కటే చాలును. కానీ ఆ ఒక్కటి ఉండవలెను. ఆమెకు మీరేమవుతారు?"

"మా ఇంట్లో వాళ్ళకు బాగా తెలుసండీ," అన్నాను.

ఆయన దాన్ని అలాగే రాసుకున్నారు.

నేను వరండాలోంచి వీలయినంత వడిగా నడిచాను. పరుగెత్తే వయసు కాదు. హాలు ముందు నుంచి వెళుతూ లోపలికి చూస్తే మేస్త్రీ తాపీ చేతిలో పట్టుకుని, బకెట్ వైపూ తలుపు వైపూ మార్చి మార్చి చూస్తున్నాడు. కోటేశ్వరమ్మ పలకకూ అతనికీ మధ్య నిలబడి, వాళ్ళ ఊరి పెళ్ళి విషయం ఏదో చెబుతోంది. అది పొడుగైన పెళ్ళిలాగే ఉంది.

టికెట్ల కిటికీలో ప్రభుదాసు ఉన్నాడు. ఎన్నో యేళ్ళుగా ఆ కిటికీలో ఆ ముఖమే. మాణిక్యం పోయిన కొత్తలో నేను వచ్చినప్పుడు, చిల్లర నా చేతిలో పెట్టి వేళ్ళు మూసినవాడు.

"లోపలికెళ్ళి మళ్ళీ బయటికొచ్చారేంటి సార్? పొద్దుటి టికెట్టు పోయిందనుకోండి. మళ్ళీ తీసుకోవాల. ఎంతమంది?"

"ఇద్దరం," అన్నాను.

చాలాకాలంగా వాడని మాట.

అతని దగ్గరికి తీర్మానం ఇంకా వెళ్ళలేదు. అతను కిటికీలోంచి తల కొద్దిగా ముందుకు పెట్టి నా వెనక చూశాడు. నా వెనక ఎండ తప్ప ఎవరూ లేరు. నా ముఖంలోకి ఒకసారి చూశాడు. నేను చెబుదామని నోరు తెరిచాను. ఈలోగానే అతను రెండు టికెట్లు చింపి, రెండు యంత్రాలు తీసి, వాటి తాళ్ళు చిక్కుపడకుండా విడదీసి నా చేతికిచ్చాడు.

"మెల్లగా చూసుకుని రండి సార్," అన్నాడు. "ఇద్దరూ."

నేను వెళ్ళేసరికి త్రివిక్రమరావు గారు, సభ్యులు పలక ముందు నిలబడి ఉన్నారు. కోటేశ్వరమ్మ తన పాత స్టూలు ఎక్కడి నుంచో తెచ్చి, ఎక్కి చీటీ ఊడదీసింది. ఆవిడ అలాగే ఉంది, చెంపకు చెయ్యి ఆనించుకుని. యంత్రం తాడు ఆ చిన్న కిటికీ గడపకు చుట్టారు. ఆమె చెవి పల్లేరుకాయంత కూడా లేదు. అందుచేత చెవికి తగిలించేదాన్ని భుజం పక్కన ఆనించారు. భాషా నిపుణులు నంబరు నొక్కారు. పచ్చ దీపం వెలిగింది. అందరూ ఆమె వైపే చూశారు. అంత శ్రద్ధగా వినే మనిషిని వాళ్ళు ఇంతకుముందు చూసి ఉండరు.

"ఇట్టివారు పదిమంది ఉన్నచో చాలును," అన్నారు త్రివిక్రమరావు గారు నిజంగానే చలించిపోయి. తర్వాత అందరూ టీకి వెళ్ళారు.

మేస్త్రీ బకెట్లోకి తాపీ దించి చూశాడు. అది దిగలేదు. "నీళ్ళెక్కువ పోసినా గట్టిపడింది సార్," అని, నష్టం వచ్చిన మనిషిలా కాకుండా, బకెట్ భుజానికెత్తుకుని వెళ్ళిపోయాడు.

నేను ఎదురుగా ఉన్న బల్ల మీద కూర్చున్నాను. నా యంత్రం చెవులకు తగిలించుకుని నంబరు నొక్కాను. ఏ గొంతూ రాలేదు. మళ్ళీ నొక్కాను. దీపం పచ్చగానూ లేదు, ఎర్రగానూ లేదు. చార్జింగు అయిపోయిందో, ప్రభుదాసు చూసుకోలేదో, చూసే ఇచ్చాడో తెలియదు. ఉగాది తర్వాత ఆ హాల్లో మొదటిసారి పైన పావురాలు కదిలిన చప్పుడు వినిపించింది. అయినా ఉత్తర్వు ఉత్తర్వే. మార్చుకుందామని లేచాను.

కోటేశ్వరమ్మ నా మెడలో వేలాడుతున్న యంత్రాన్ని తీసుకుని చూసింది. ఆరిపోయిన దీపం చొక్కా వైపు వచ్చేటట్టు దాన్ని తిప్పి వదిలేసింది. చేతిలో ఉన్న ఈల కొంగున ముడేసుకుంది.

"కూర్చోండి బాబాయి గారూ," అంది. "ఆవిడ వింటానే ఉందిగా. మీరు చూడండి."